ఇంటి కూడికలు మనకెందుకు? ఒంగోలు కొండ మీది ఐదుగురి నుంచి మన వీధి దాకా



పోయిన నెల అసోసియేషన్ మీటింగులో ఒక తమ్ముడు లేచి అడిగిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. "ఆదివారం చర్చికి వెళ్తున్నాం. మిగతా రోజులు ఫోన్లో వాక్యం వింటున్నాం. ఇంకా వారం మధ్యలో ఈ ఇంటి కూడికలు ఎందుకన్నా? ట్రాఫిక్‌లో డ్యూటీ నుంచి ఇంటికి చేరేసరికే ఎనిమిదవుతుంది." ఆ రోజు టైం అయిపోయింది, ఏదో సర్దిచెప్పి పంపేశాం. కానీ అది సర్దిచెప్పి వదిలేయాల్సిన ప్రశ్న కాదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాం. కాస్త పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందే ఒక మాట. మనలో 'సంఘం' అంటే కొందరికి చర్చి, కొందరికి మన అసోసియేషన్. ఈ వ్యాసంలో సంఘం అంటే చర్చి అనే అనుకోండి.

వ్యాసర్‌పాడి, బేసిన్ బ్రిడ్జి పక్కన పారే బకింగ్‌హాం కాలువ మనందరికీ తెలుసు. ఇవాళ దాని పక్కన నడవాలంటే ముక్కు మూసుకోవాలి. మన తాతల కాలంలో అదే కాలువలో నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పడవలు వచ్చేవి. ఆ కాలువలో కొంత భాగం తవ్వింది మనవాళ్లే. 1876–78 కరువులో, తిండి గింజ దొరకని రోజుల్లో, ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ల తవ్వకాన్ని జాన్ క్లౌ అనే మిషనరీ కాంట్రాక్టు తీసుకుని కరువు కూలీలకు పని పెట్టాడు. మనలో చాలా ఇళ్లలో క్రైస్తవ విశ్వాసం ఆ కాలువగట్టు మీద మొదలైందనే చెప్పుకుంటారు. ఆ కథలోకి వస్తాం. దానికి ముందు ఇంకా చాలా వెనక్కి వెళ్లాలి.

మొదటి రెండు వందల ఏళ్లు క్రైస్తవులకు పెద్ద చర్చి కట్టడాలు లేవు. ఇళ్లే ఉన్నాయి. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయం చూడండి. వాళ్లు దేవాలయంలోనూ కలిశారు, ఇళ్లలో రొట్టె విరిచి భోజనమూ చేశారు. రెండూ ఉన్నాయి, ఒకటి ఉందని రెండోది మానలేదు. పౌలు రాసిన పత్రికల చివర మనం గబగబా దాటేసే పేర్ల జాబితాల్లో ఇళ్లు కనిపిస్తాయి. ఫిలేమోను ఇల్లు, నుంఫా ఇల్లు, అకుల ప్రిస్కిల్లల ఇల్లు.

అకుల ఎవరో ఒకసారి ఆగి చూడండి. పుట్టింది పొంతులో, అంటే నల్ల సముద్రం ఒడ్డున. బతుకుతెరువు రోమాలో. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి పొమ్మంటే కొరింథుకు వచ్చాడు. అక్కడి నుంచి ఎఫెసుకు, తర్వాత మళ్ళీ రోమాకు. చేసే పని డేరాలు కుట్టడం. ఆ మొగుడూ పెళ్లాలు ఎఫెసులో ఉన్నప్పుడు వాళ్లింట్లో సంఘం కూడింది, రోమాకు తిరిగొచ్చాక అక్కడి ఇంట్లోనూ కూడింది. ఫిలిప్పీలో పౌలుకు ఇంట్లో చోటిచ్చిన లూదియ కూడా ఆ ఊరి మనిషి కాదు. తుయతైర నుంచి వచ్చి ఊదారంగు బట్టలు అమ్ముకునే వ్యాపారస్తురాలు. అంటే ఇంటి కూడికను మొదట నిలబెట్టినవాళ్లలో ఊరు విడిచి వచ్చినవాళ్లు, చేతిపని మీద బతికినవాళ్లు ఉన్నారు. సొంత ఊళ్లో ఉన్నవాడికి మేనమామ ఉంటాడు, పెదనాన్న ఉంటాడు, పక్కింటి అవ్వ ఉంటుంది. ఊరు విడిచినవాడికి ఆ వరసలన్నీ కూడికలోనే దొరకాలి. ఇది మనకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

అదే పొంతు ప్రాంతానికి సుమారు 112లో ప్లినీ అనే రోమా అధికారి గవర్నర్‌గా ఉన్నాడు. క్రైస్తవులను పట్టుకుని విచారించి, తెలిసిందంతా ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. వీళ్లు ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కలుస్తారట, క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ పాడతారట, దొంగతనం చేయమని, నమ్మి ఇచ్చిన సొమ్ము ఎగ్గొట్టమని ఒట్టు పెట్టుకుంటారట, మళ్ళీ కలిసి మామూలు భోజనం చేస్తారట. ఒక సామ్రాజ్యపు గవర్నర్ అంత విచారణ చేస్తే బయటపడిన రహస్యం ఇదే, మన గురువారం కూడిక లాంటిది.

అసోసియేషన్ వాళ్లం కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే ప్లినీ, తన ప్రాంతంలోని నికొమేదియలో పెద్ద అగ్నిప్రమాదం జరిగితే, మంటలార్పడానికి 150 మందితో ఒక సంఘం పెట్టుకోనివ్వమని చక్రవర్తిని అడిగాడు. చక్రవర్తి వద్దన్నాడు. పేరేదైనా సరే, మనుషులు క్రమంగా కలవడం మొదలుపెడితే అది రాజకీయంగా మారుతుందని ఆయన భయం. ఇల్లు తగలబడినా సరే గాని జనం గుంపు కట్టకూడదన్నమాట! నలుగురు క్రమం తప్పకుండా కలిస్తే ఎంత బలమో రాజుకు తెలిసింది. మనమే మరిచిపోతున్నాం.

తర్వాత కాలం మారింది. నాలుగో శతాబ్దంలో రాజులే క్రైస్తవులయ్యారు, పెద్ద పెద్ద చర్చిలు లేచాయి. జనం పెరిగారు. కానీ వెనక వరసలో కూర్చున్న మనిషి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో ముందు నిలబడ్డ గురువుకు తెలిసే దారి సన్నగిల్లింది. ఈ లోటు తెలిసినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్ళీ ఇంటి వైపే తిరిగారు. 1670లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పెనర్ అనే పాస్టర్ తన ఇంట్లో కొద్దిమందిని కూర్చోబెట్టి బైబిలు చదివించి మాట్లాడించడం మొదలుపెట్టాడు. అక్కడ ప్రసంగం వినడమే కాదు, ప్రతివాడూ నోరు విప్పాలి. ఆ ఉద్యమానికి హాల్లె పట్నం కేంద్రమైంది. ఆ హాల్లె నుంచే తరంగంబాడికి మిషనరీలు వచ్చారు. వాళ్లలో బెంజమిన్ షుల్జ్ అనే ఆయన తర్వాత మన మద్రాసుకు వచ్చి తెలుగు నేర్చుకుని, తెలుగు వ్యాకరణం రాశాడు. తిరిగి వెళ్లాక 1740లలో హాల్లెలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అక్షరం మొదట అచ్చుకెక్కిన చరిత్రలో, వెతుక్కుంటూ వెళ్తే, వెనకాల ఒక ఇంటి కూడిక ఉంది!

ఇంగ్లండులో జాన్ వెస్లీ కథ ఇంకా బాగుంటుంది. మన ట్రెజరర్‌లందరూ చదవాల్సిన కథ. బ్రిస్టల్ ఊళ్లో వాళ్లు ప్రార్థనా మందిరం కట్టారు, అప్పు మిగిలింది. 1742 ఫిబ్రవరిలో ఆ అప్పు ఎలా తీర్చాలా అని కూర్చున్నారు. తలా వారానికి ఒక పెన్నీ ఇద్దామని కెప్టెన్ ఫోయ్ అనే ఆయన అన్నాడు. పేదవాళ్లు పెన్నీ కూడా ఇవ్వలేరే అని ఇంకొకరు. అప్పుడు ఆయన అన్నదేమిటంటే, అందరికన్నా పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం నేనే వాళ్ల ఇళ్లకు వెళ్తాను, వాళ్లు ఇస్తే మంచిది, ఇవ్వలేకపోతే వాళ్ల వంతు నేనే వేస్తాను అని. అలా ఒక్కొక్కరు పదకొండేసి మందిని పంచుకున్నారు.

పెన్నీల కోసం ఇళ్లకు వెళ్లినవాళ్లకు అక్కడ వేరే సంగతులు కనిపించాయి. ఒక ఇంట్లో తాగుడు, ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాల కొట్లాట, ఒక ఇంట్లో జబ్బు. ఆదివారం బెంచీ మీద చూస్తే ఇవేవీ తెలియవు. వెస్లీ ఇది చూసి, మనం ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదే కదా అనుకున్నాడు. ఇంటింటికీ తిరగడం కష్టమై ఆ పన్నెండు మంది వారానికోసారి ఒకచోట కూర్చోవడం అలవాటైంది. దానికి క్లాస్ మీటింగ్ అని పేరు. అప్పు తీర్చే ఉపాయంగా పుట్టిన ఆ పన్నెండు మంది కూడికే మెథడిస్టు సంఘానికి వెన్నెముక అయ్యింది. మన తెలంగాణలో మెదక్ చర్చి చూశారు కదా, 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠించిన ఆ పెద్ద కట్టడం. దాన్ని కట్టించిన పాస్నెట్ ఆ వెస్లీ సంప్రదాయం నుంచి వచ్చినవాడే. మెదక్‌లో మనకు గోపురం కనిపిస్తుంది గాని, దాని మూలంలో ఉన్న పెన్నీ కనిపించదు.

ఇప్పుడు మన సొంత కథకు వద్దాం.

అమెరికా బాప్టిస్టు మిషను తరఫున శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగాడు. మరుసటి ఏడాది మద్రాసుకు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ల మధ్య పనిచేశాడు. 1840లో నెల్లూరు వెళ్లాడు. ఏళ్లు గడుస్తున్నా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. దండగ, మూసేద్దాం అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. మ్యాపులో ఒక్కటే చుక్కగా మిగిలిందని దానికి 'లోన్ స్టార్', ఒంటరి నక్షత్రం, అని పేరు కూడా పడింది.

ఆ రోజుల్లోనే, 1854 జనవరి 1న, తెల్లవారకముందే ఐదుగురు ఒంగోలులో ఒక కొండ ఎక్కారు. లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. పాట పాడారు, వాక్యం చదివారు, ఒక్కొక్కరూ వంతుగా ప్రార్థన చేశారు. ఈ ఊరికి ఒక సేవకుడిని పంపమని అడిగారు. అంతే. పందిరి లేదు, మైకు లేదు, ఫ్లెక్సీ లేదు. పన్నెండేళ్లకు 1866లో క్లౌ ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు.

ఆ తొలినాళ్లలోనే వచ్చినవాళ్లు ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ. పేరయ్య మాదిగ కులంలో పుట్టినవాడు. అప్పటికే రాజయోగం నేర్చి, శిష్యులున్న గురువు. అంటే చిన్న గుంపుగా కూర్చుని దేవుడి గురించి మాట్లాడుకోవడం మన పేటల్లోకి తెల్లవాళ్లు తెచ్చిపెట్టింది కాదు. చదువుకు, గుడికి దూరంగా ఉంచిన మనుషులు రాత్రిపూట గురువు చుట్టూ చేరి తత్వం మాట్లాడుకునే అలవాటు ముందే ఉంది. పేరయ్య కొత్త మాటను ఆ పాత దారిలోనే, చుట్టరికాల వెంట, ఊరి నుంచి ఊరికి మోసుకెళ్లాడు.

తర్వాత కరువు వచ్చింది. కాలువ తవ్వకంలో బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. ఒక్కొక్కరి కింద కొంతమంది కూలీలు. మట్టి మోసి అలిసి కూర్చున్న వేళ ఆ కొద్దిమందితో మాట్లాడేవారు. కూలీల పేర్లు, ఊళ్లు, ఇంట్లో పోయినవాళ్లు, మిగిలినవాళ్లు, అన్నీ తెలిశాయి. కూలికోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయింది, అయినా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఇచ్చారు.

మన సభల్లో ఆ 2222 అంకె చెప్పగానే చప్పట్లు మోగుతాయి. కానీ ఆ అంకెకు ముందు కొండ మీద ఐదుగురున్నారు, సంఘంలో ఎనిమిది మంది ఉన్నారు, కాలువగట్టున పది, ఇరవై మందిగా కూర్చున్నవాళ్లు ఉన్నారు. ఆ అంకెకు తర్వాత కూడా పల్లెపల్లెలో కూలి పని ముగించుకుని రాత్రిపూట బోధకుడి వాకిట్లో, చెట్టు కింద కూడినవాళ్లు ఉన్నారు. ఏట్లో మునిగిన రోజు ఒక్కటే. దాన్ని నిలబెట్టినవి ఆ తర్వాతి రాత్రులు. అలాంటి కూడిక కుదరని చోట, పేరు రిజిస్టరులో ఉన్నా మనిషి జారిపోయాడు. ఇదీ మన చరిత్రే.

మద్రాసు కథ ఇంకొకటి చెప్పి ముగిస్తాం. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ 1941లో ఇక్కడ పల్లావరం కొండ మీద కొందరితో కలిసి రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. ఆ తర్వాతే మద్రాసులో యెహోవా షమ్మా సహవాసం మొదలైంది. 1950లో హైదరాబాదులో హెబ్రోను. ఆ సహవాసాల్లో ఆరాధన తర్వాత అందరూ చాపల మీద ఒకే పంక్తిలో కూర్చుని తినడం పద్ధతి. పంక్తి భోజనం అంటే ఏమిటో మనకు తెలుసు. ఏ పంక్తిలో ఎవరిని కూర్చోనివ్వలేదో కూడా తెలుసు. అందుకే ఆ చాప చిన్న విషయం కాదు.

ఇంత చెప్పి, ఇంటి కూడికల్లో లోపాలే లేవంటే మీరు నవ్వుతారు. లోపాలున్నాయి. ప్రార్థన మనవి అని చెప్పుకున్న మాట తెల్లారేసరికి కొళాయి దగ్గర కబురవుతుంది. ఒకాయనే గంటన్నర మాట్లాడి, మిగతావాళ్లు ఆవలిస్తూ కూర్చుంటారు. ఎవరింట్లో ఏం పెట్టారని పోటీ మొదలై, ఇల్లు చిన్నదైన ఆమె మా ఇంట్లో వద్దులెండి అంటుంది. మన కులం వాళ్లే, మన ఊరి వాళ్లే అని గీత గీసుకునే కూడికలూ ఉన్నాయి. కానీ ఇవి కూడికను సరిదిద్దుకోవడానికి కారణాలు, మానేయడానికి కాదు. వెస్లీ వాళ్ల పన్నెండు మందిలోనూ కొట్లాటలున్నాయి. కూర్చున్నారు కాబట్టే బయటపడ్డాయి.

ఇప్పుడు మన వీధి సంగతి. ఇది రాయడానికే మొహమాటంగా ఉంది, అయినా రాయాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మన గురువారం కూడికలు ఆగాయి. చర్చి తెరుచుకుంది గాని, కూడికలు సగం వీధుల్లో మళ్ళీ మొదలు కాలేదు. ఫోన్ అలవాటైంది. పోయిన ఏడాది మనలో ఒక పెద్దాయన, ఒంటరిగా ఉండే మనిషి, గదిలో జారిపడి తుంటి విరిగింది. లేవలేక ఒక పగలు, ఒక రాత్రి అలాగే ఉన్నాడు. చూసింది పాలు పోసే తమిళ అబ్బాయి. ఆసుపత్రిలో ఆయన్ని కలిసినప్పుడు తెలిసింది, అంతకు ముందు మూడు ఆదివారాలుగా కాళ్ల నొప్పులతో ఆయన చర్చికే రాలేదని. మూడు వందల మంది కూర్చునే చోట ఆ ఖాళీ కుర్చీ ఎవరికీ కనిపించలేదు. మాకూ కనిపించలేదు. పదిమంది కూర్చునే చాప మీదైతే మొదటి వారమే, అన్న రాలేదేమిటి అని ఒక పిల్లాడిని పంపేవాళ్లం. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వచ్చారు కదా, ఒక పాట పాడండి అన్నాడు. పాడుతుంటే మాలో ఇద్దరికి గొంతు పెగల్లేదు.

ఇంకో నష్టం నెమ్మదిగా జరుగుతోంది. మన పిల్లలకు బడిలో తెలుగు లేదు. 2006 నాటి చట్టంతో తమిళం దశలవారీగా పదో తరగతి దాకా తప్పనిసరి అయ్యాక, ఉన్న కాస్త తెలుగు కూడా తగ్గింది. తమిళం నేర్చుకోవాల్సిందే, మనకు అన్నం పెట్టిన భాష. కానీ తెలుగు అక్షరాన్ని కూడబలుక్కుని పైకి చదివే చోటు చాలా ఇళ్లలో ఒక్కటే ఉండేది, ఇంటి కూడిక. వంతు వచ్చిందంటే వచనం చదవాల్సిందే. తప్పు చదివితే అవ్వ సరిదిద్దేది. ఇవాళ పిల్లలు తెలుగు కీర్తనను తమిళ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. వాళ్ల తప్పు కాదు. ఎదురుగా కూర్చుని నేర్పే చాప మనమే చుట్టి మూల పెట్టాం.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు మా జవాబు ఇదీ. ఆదివారం ఆరాధన కావాలి, ఫోన్లో వాక్యమూ మంచిదే. కానీ ఫోన్ నువ్వు రాలేదని గమనించదు, నీ తలుపు తట్టదు. ఒకరి భారం ఒకరు మోయమని పౌలు చెప్పిన మాట మూడు వందల మందితో కుదరదు. ఎవరి భారం ఏమిటో ముందు తెలియాలి కదా.

వచ్చే అసోసియేషన్ మీటింగులో మేము పెట్టబోయే ప్రతిపాదన చిన్నదే. వీధికి పన్నెండు ఇళ్ల చొప్పున ఒక జాబితా. వారానికి ఒక సాయంత్రం, ఒక్క గంట. డ్యూటీల వాళ్ల కోసం ఎనిమిదిన్నరకే మొదలు. టీ, బిస్కెట్ తప్ప ఇంకేమీ పెట్టకూడదు, ఒక్క గది ఇల్లయినా వంతు తప్పకూడదు. వచనం పిల్లలే చదవాలి. రాని వాళ్ల ఇంటికి మర్నాటిలోగా ఒకరు వెళ్లి రావాలి. క్రైస్తవేతర సభ్యులు కూడా ఇలాంటి పన్నెండు ఇళ్ల జాబితా తమ పద్ధతిలో పెట్టుకుంటామంటే అంతకన్నా సంతోషం లేదు.

మా వీధిలో మొదటి కూడిక ఆ పెద్దాయన గదిలో పెట్టుకుంటున్నాం. ఆయన ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నాడు. గది చిన్నది, ఎనిమిది మంది పడతారు. ఒంగోలు సంఘం మొదలైందీ ఎనిమిది మందితోనే. మిగిలినవాళ్లం వరండాలో కూర్చుంటాం. చాపలు మీరు తెచ్చుకోండి.